సాత్విక్ స్మాష్‌కి మలేషియా జోడీ వేసే బ్రేక్

మన అమలాపురం కుర్రాడు సాత్విక్, చిరాగ్ జోడీకి మలేషియా వాళ్ళు ఆరన్ చియా, సో వూయ్ యిక్ అంటే మొదట్లో గండమే. తొలి 8 మ్యాచ్‌లూ ఓడారు. ఎనిమిదికి ఎనిమిది!

సాత్విక్ స్మాష్ గంటకి 565 కిలోమీటర్లు, గిన్నిస్ రికార్డు కదా, మరెందుకు? (అది మ్యాచ్‌లో కాదులెండి, టెస్టులో కొట్టింది.) స్మాష్ కొట్టాలంటే షటిల్ పైకి లేవాలండి. వీళ్ళు ఊరికే లేపరు. సర్వీస్, రిటర్న్, మూడో షాట్, అన్నీ నెట్ మీంచి ఫ్లాట్‌గా తోసేస్తారు. అంత పొడుగు మనిషి వంగి తియ్యాల్సిందే. చిరాగ్ నెట్ దగ్గర అడ్డంపడితేనే షటిల్ లేస్తుంది, అప్పుడు వెనక సాత్విక్ దంచుతాడు.

2023 జూన్, ఇండోనేషియా ఓపెన్ ఫైనల్: 21-17, 21-18. తొలిసారి గెలిచారు, టైటిల్ కూడా మనదే. కానీ పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్స్‌లో మొదటి గేమ్ 21-13తో కొట్టేసి, తర్వాత 14-21, 16-21. పతకం పోయింది. నాకైతే అది ఇంకా మింగుడుపడలేదు.

2025 ఆగస్టులో అదే పారిస్‌లో, వరల్డ్ ఛాంపియన్‌షిప్ క్వార్టర్స్‌లో 21-12, 21-19తో బదులు తీర్చారు, కాంస్యం ఖాయం చేసుకున్నారు. ఈసారి వీళ్ళు తగిలితే స్మాష్ వదిలేసి, చిరాగ్ సర్వీస్ రిటర్న్ చూడండి.