పిల్లలకోడి చుక్కలు

కార్తికమాసమున చీకటిపడిన పిదప తూర్పువైపున చిన్న చుక్కల గుంపొకటి కానవచ్చును. తొలిచూపునకు మసక వెలుగువలె నుండును. నిదానించి చూచినచో ఆఱు చుక్కలు విడివడి, చిన్న గరిటె యాకారము తోచును. ఇదియే సప్తర్షిమండలమని పిల్లలకు చూపు పెద్దలు పెక్కుమంది కలరు. శ్రోతలు మమ్ము తఱచుగా అడుగు ప్రశ్నయు నిదియే. అవి సప్తర్షులు కారు, కృత్తికలు. మన పల్లెలలో పిల్లలకోడి యను పేరు గల చుక్కలివియే.

పొరపాటునకు కారణము లేకపోలేదు. రెండింటికిని గరిటె పోలిక కలదు. కాని కొలిచి చూచినచో సందేహము నిలువదు. చేయి చాచి బొటనవ్రేలు అడ్డము పెట్టినచో కృత్తికలు మొత్తము మఱుగుపడును. సప్తర్షులను కప్పుటకు చాచిన చేతి జాన యంతయు కావలయును. పైగా కార్తిక మార్గశిరములలో సప్తర్షులు అర్ధరాత్రి దాటినగాని ఈశాన్యమున పూర్తిగా ఉదయింపరు. సాయంకాలమున వారిని చూపెదమనువారిని నమ్మవలసిన పనిలేదు.

డిసెంబరునెలలో రాత్రి 9 గంటల వేళ తూర్పుముఖముగా నిలిచి చూడుడు. ఒకే వరుసలో సమదూరమున మూడు చుక్కలుండును. కొందరు వీనిని గొల్లకావడి యందురు. ఆ వరుస వెంట చూపును పైకి సాగించినచో జానెడు దూరమున ఎఱ్ఱని రోహిణి తగులును. అచ్చట ఆగక, వచ్చిన దూరములో సగమునకు మించి మఱికొంత పోయినచో నడినెత్తికి చేరువగా కృత్తికలు దొరకును.

మన పురాణకథయు ఈ రెండు మండలములను వేఱుగనే ఉంచినది. అపనింద వలన భర్తలు విడనాడిన ఆఱుగురు ఋషిపత్నులు కృత్తికలైరనియు, అరుంధతి యొక్కతెయే వసిష్ఠుని చెంత నిలిచినదనియు భారతకథ. ఋషులు ఉత్తరమున, పత్నులు తూర్పున ఉదయింతురని శతపథబ్రాహ్మణము చెప్పుచున్నది. పెండ్లిలో అరుంధతి కానరాక, పిల్లలకోడిని చూపి తంతు ముగించు పురోహితులును లేకపోలేదు. ఆమె చేరని గుంపునే ఆమెయని చూపుట మాకు మాత్రము నవ్వు పుట్టించును.

కృత్తికలు తూర్పుదిక్కునుండి తొలగవని కూడ ఆ గ్రంథమున కలదు. నేడు మన ప్రాంతమున అవి తూర్పునకు సుమారు 25 డిగ్రీలు ఉత్తరముగా ఉదయించుచున్నవి. భూమి యిరుసు బొంగరమువలె మెల్లగా ఊగుచు 26,000 సంవత్సరముల కొక చుట్టు తిరుగుటయే యిందులకు కారణము. వెనుకకు లెక్కించినచో క్రీస్తుపూర్వము 3000 ప్రాంతమున అవి సరిగా తూర్పున ఉదయించెను. గ్రంథమే అప్పటిదని చెప్పుటకు ఇది చాలదు. పాతకాలపు పరిశీలన పరంపరగా వచ్చి అందులో చేరి యుండవచ్చును.

కృత్తికల పేరు పెట్టుకొన్న కార్తిక పున్నమి వానిని చూచుటకు తగిన రాత్రి కాదు. చంద్రుడు ఆ చెంతనే యుండుటచే ఆ వెన్నెలలో చిన్న చుక్కలు వెలవెలబోవును. బహుళపక్షమున, వీధిదీపముల వెలుగు సోకని డాబాపై చూడవలయును. తిన్నగా కాక ఇంచుక ప్రక్కకు చూపు నిలిపినచో మసక చుక్కలు తేటపడును. సాధారణముగా కంటికి ఆఱే కనబడును. చురుకైన కన్నులు అంతకు మించియు ఎంచగలవు. 1610లో గెలీలియో తన దూరదర్శినితో చూచి 36 చుక్కలను చిత్రించెను. నిజమునకు ఆ గుంపున వేయికి పైగా నక్షత్రములు కలవు. వాని వయస్సు పది కోట్ల సంవత్సరముల ప్రాంతము. దూరము సుమారు 440 కాంతి సంవత్సరములు. నడుమ తగిలిన రోహిణి వానితో చేరినది కాదు. అది 65 కాంతి సంవత్సరముల దూరముననే కలదు.

మే రెండవ వారమున మొదలగు కృత్తికకార్తెలో సూర్యుడు ఆ చెంతనే యుండుటచే అవి కానరావు. జూన్ నెలాఖరున తెల్లవారుజామున మేలుకొన్నవారికి మరల తూర్పున కనిపించును.