అంగడి గల్లా, ఇంటి పెట్టె



స్వంతముగా వ్యాపారము పెట్టినవాడు తన పనిని, తన దినమును, తన సంసారమును ఏ విధముగా దిద్దుకొనవలయునో చెప్పుమని మధురానగరములోని యువకులు కొందరు మమ్ము కోరిరి. మేము వర్తకులము కాము, న్యాయవాదులము. అయినను చెడిన వ్యాపారములు తుదకు వచ్చి చేరునది న్యాయవాది గదికే గనుక, ఏ మలుపున త్రోవ తప్పుదురో కొంతవరకు ఎరుగుదుము.

ఈ పేట సంగతి మీకు చెప్పనక్కరలేదు. మైత్రీవనము మొదలుకొని ఇచ్చటివరకు కంప్యూటరు విద్య నేర్పు సంస్థలు, వసతిగృహములు, మెస్సులు, జెరాక్సు అంగళ్లు ఒకదానినొకటి ఒరసికొని యున్నవి. జిల్లాలనుండి చదువుకొన వచ్చిన పిల్లలే వీనిలో పెక్కింటికి ఆధారము. 2017లో అమీరుపేటకు మెట్రో రైలు వచ్చినపుడు ఇక మనకు తిరుగులేదని పలువురు తలచిరి. 2020 మార్చిలో లాక్‌డౌను వచ్చినది. పిల్లలు ఊళ్లకు మరలిరి, గదులు ఖాళీపడినవి, చదువు ఇంటర్నెట్టుకు ఎక్కినది. అద్దె మాత్రము ఎచ్చటికిని పోలేదు. ఆనాడు మా వద్దకు వచ్చినవారిలో తెలివితక్కువవారు లేరు, సోమరులు లేరు. నెలకు ఇంటికెంత కావలయును, అంగడికెంత కావలయును అని అడిగినచో వెంటనే బదులు చెప్పగలవారు మాత్రము బహుకొద్దిమంది యుండిరి.

వ్యాధి మూలము ఇచ్చటనే కలదని మా యభిప్రాయము. పూర్వము అంగడికి గల్లాపెట్టె యుండెడిది, ఇంటికి వేరొక పెట్టె యుండెడిది. గల్లాలోనుండి తీసినచో చిట్టాలో వ్రాయవలసి యుండెను. నేడు గల్లాయు ఫోనే, పెట్టెయు ఫోనే. విద్యార్థి కట్టిన రుసుము ఏ ఖాతాలో పడునో, పాలవానికిని పిల్లల బడికిని ఆ ఖాతానుండియే పోవుచున్నది. సాయంకాలమున నిల్వ చూచి లాభమని సంతోషింతురు. అందులో వచ్చే నెల అద్దె యున్నది, ప్రభుత్వమునకు కట్టవలసిన జి.ఎస్.టి. యున్నది, ఇంకను నేర్పవలసిన పాఠములకు ముందుగా తీసికొన్న సొమ్మున్నది. అది పరుల ధనము. కావున మొట్టమొదటి పని: బ్యాంకులో రెండు ఖాతాలు. అంగడి ఖాతానుండి యజమాని నెలకొక్కమారు నిర్ణీతమైన జీతము తీసికొనవలయును. నడుమ చేయి పెట్టరాదు. ఆ జీతముతో ఇల్లు గడవనిచో, గడవలేదని మొదటి నెలలోనే తెలియును. మూడేండ్లకు తెలియుటకంటె అది మేలు.

ఇందొక చిక్కు కలదు. మెస్సు నడుపు కుటుంబములలో ఇల్లాలు తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి పొయ్యి వెలిగించును. ఆమె పనికి చిట్టాలో పద్దే లేదు. ఆమె స్థానమున వంటవానిని పెట్టినచో ఆ వ్యాపారము లాభములో నున్నదో నష్టములో నున్నదో లెక్క కట్టి చూడుడు. ఆమె జీతము వ్రాయక లాభము చూపు చిట్టా అబద్ధపు చిట్టా. దేశసేవకులమని చెప్పుకొను మా బోంట్ల యిండ్లలోను ఈ దోషము లేకపోలేదు.

1893లో బొంబాయిలో అమృతాంజనము నారంభించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి నామము మీరెరుగుదురు. స్వంత వ్యాపారమునకు దిగుటకు ముందు వారు పరుల కొలువులో వర్తకము నేర్చిరి. సంగీత సభలలో అంజనమును ఉచితముగా పంచి జనులకు అలవాటు చేసిరి. 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా బొంబాయిలోనే స్థాపించిరి. 1914లో మద్రాసునుండి దినపత్రిక వెలువరించిరి. అంజనము ఆర్జింపగా పత్రిక, గ్రంథమాల, జాతీయోద్యమము అనుభవించినవి. అంతటి దాతకైనను దానమిచ్చుటకు ముందు లాభము కావలయును గదా. 1936లో ఆ వ్యాపారము కంపెనీగా ఏర్పడినది; రెండేండ్లకు పంతులుగారు గతించిరి; అంజనము నేటికిని అమ్ముడుపోవుచున్నది. యజమాని వేరు, వ్యాపారము వేరు అనుటకు తెలుగునాట ఇంతకంటె తెల్లమైన నిదర్శనము మాకు తోచదు.

దినచర్య విషయము. రాత్రి తలుపు వేయుటకు ముందు పావుగంట కూర్చుండి నాలుగు సంగతులు వ్రాయుడు: నేడు వచ్చినది, పోయినది, మనకు రావలసినది, మనము మాట యిచ్చినది. కడపటిదానిని ఎవ్వరును వ్రాయరు. "రేపు పంపెదను" అని ఫోనులో అన్నమాట చెప్పినవాడు మరచును, విన్నవాడు మరువడు. ప్రొద్దున మొదటి గంట ఫోను ముట్టక, రాత్రి వ్రాసినదానిలో కష్టమైన పని ఒకటి ముగింపుడు. వారమునకొక దినము అంగడి మూయుడు. ఏడు దినములును తెరచియుంచుట పౌరుషమని తలచువారు కలరు. వారి బిడ్డలనడిగి చూడవలయును.

రావలసిన బాకీలనుగూర్చి న్యాయవాదులుగా రెండు మాటలు. వస్తువు తయారుచేయువారు, సేవలందించువారు చిన్న పరిశ్రమలుగా ఉద్యమ్ నమోదు ముందుగానే చేయించుకొనవలయును. 2006 నాటి చట్టము ప్రకారము అట్టివారికి కొనుగోలుదారు, వ్రాతపూర్వకమైన ఒడంబడిక యున్నచో అందులోని గడువునకు, ఎట్లయినను నలుబదియైదు దినములకు మించియు, ఒడంబడిక లేనిచో పదునైదు దినములకు మించియు బాకీ ఆపరాదు. ఆపినచో రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ ఈయవలయును. సాధారణముగా బాకీ దావాకు మూడేండ్లే గడువు. మొగమాటముచేత గడువు దాటించుకొని వచ్చినవారికి మేము చేయగలది తక్కువ.

స్నేహితులు కలిసి పెట్టు వ్యాపారములలో కాగితము అడుగుట అవమానమని భావింతురు. కాగితము లేనిచోట 1932 నాటి భాగస్వామ్య చట్టము మీకు బదులుగా నిర్ణయించును: పది లక్షలు పెట్టినవానికిని లక్ష పెట్టినవానికిని లాభనష్టములు సమానము, రాత్రింబవళ్లు పనిచేసినవానికి జీతము లేదు. నమోదు కాని సంస్థ తన ఒప్పందమునుబట్టి బయటివారిపై దావా వేయజాలదు. స్నేహము తీపిగా నున్ననాడే పత్రము వ్రాసికొనుడు. చేదైన పిమ్మట ఎవ్వడును సంతకము చేయడు.

అన్నిటికంటె మమ్ము కలతపెట్టునది హామీ. బ్యాంకు హామీదారుని అడుగును. కొడుకు ఊరికి పోయి "పేరుకే సంతకము, నాన్నా" అనును. తండ్రి చదువకయే చేవ్రాలు చేయును. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము, పత్రములో వేరుగా లేనంతవరకు, హామీదారుని బాధ్యత ఋణస్థుని బాధ్యతతో సమానము. ముందు ఋణస్థునిపై పోయి, ఆ తరువాతనే హామీదారుని కడకు రావలెనను నిర్బంధము బ్యాంకునకు లేదని సుప్రీంకోర్టు 1968లోనే తీర్పు చెప్పినది. పేరుకే సంతకమనునది చట్టములో లేదు. ఇల్లు తాకట్టుపెట్టినచో ఆ యిల్లే పోవచ్చును.

కావున హామీ అడుగబోవు యువకుడు తల్లిదండ్రులిద్దరిని కూర్చుండబెట్టి, అప్పు మొత్తమెంతయో, వ్యాపారము చెడినచో ఏ యిల్లు, ఏ పొలము పోవునో పత్రము చదివి చెప్పవలయును. హామీ ఇంత మొత్తమునకే యని పరిమితి వ్రాయుమని బ్యాంకును అడుగవచ్చును. వారు కాదనినను అడుగుటలో తప్పులేదు. మరల మరల తీసికొను అప్పులకిచ్చిన హామీని ముందు వ్యవహారముల మట్టుకు నోటీసుతో ఉపసంహరించుకొనవచ్చునని కూడ తండ్రికి తెలుపవలయును. ఇన్ని మాటలు తండ్రి యెదుట చెప్పుటకు నోరు రానిచో, ఆ అప్పు తీసికొనక, గది చిన్నది చేసికొని వ్యాపారము నడుపుడు.

మీలో కొందరు భాగస్వామ్య పత్రములును బ్యాంకు హామీ కాగితములును వెంట తెచ్చితిరని వినుచున్నాము. సభ ముగిసిన పిమ్మట పఠనాలయపు వెనుకగదిలో ఒక గంట యుందుము, అచ్చట చూపుడు. సంతకములు ఇంకను చేయనివారు ముందు రండు.