నవ్వించే పిల్లలు, వారు మాట్లాడే మాట



న్యాయవాది మైకు పట్టుకొంటే రాజ్యాంగ అధికరణాలు ఏకరువు పెడతారని మీరు భయపడి ఉంటారు. ఈరోజు ఆ పని చేయబోను. చేతిఫోనులో నవ్వులు పుట్టించి, దానినే వృత్తిగా మలచుకొన్న ఒక అమ్మాయిని గురించి మాట్లాడతాను. అందుకు కారణమున్నది. గత నెలలో హోసూరు దగ్గరి పల్లె నుండి ఒక తండ్రి తన కూతురిని వెంటబెట్టుకొని నా కార్యాలయానికి వచ్చారు. పదిహేడేళ్ళ పిల్ల. వాళ్ళ అవ్వ కొళాయి దగ్గర ఇరుగుపొరుగుతో మాట్లాడే తీరును అచ్చంగా అనుకరించి, నిమిషం నిడివి దృశ్యాలు తీసి ఇన్‌స్టాగ్రాంలో పెడుతున్నది. "దీనితో చదువు చెడిపోదా సార్?" అన్నది తండ్రి బెంగ. పిల్ల బెంగ వేరు. ఆంధ్రదేశం నుండి చూసిన చుట్టాలు కొందరు "ఇదేం తెలుగు?" అని రాశారట. అవ్వ మాటను వదిలి టీవీ తెలుగులోకి మారిపోదామా అని ఆలోచిస్తున్నది.

వారిద్దరికీ నేను నిహారిక ఎన్.ఎం. కథ చెప్పాను. 1997లో చెన్నైలో పుట్టి బెంగుళూరులో పెరిగిన అమ్మాయి. అక్కడి బి.ఎం.ఎస్. సాంకేతిక విద్యాసంస్థలో ఇంజనీరింగు చదువుతూనే యూట్యూబులో హాస్యం చేయడం మొదలుపెట్టింది. ఆపైన అమెరికా వెళ్ళి, కాలిఫోర్నియాలోని చాప్‌మన్ విశ్వవిద్యాలయంలో ఎం.బి.ఎ. చేసింది. చదువూ మానలేదు, నవ్వించడమూ మానలేదు. తండ్రిగారి ముఖంలో అప్పటికి కొంత ప్రసన్నత కనిపించింది.

కాలం కూడా ఆమెకు కలిసివచ్చింది. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 చైనా యాప్‌లను నిషేధించింది. పది రోజులు తిరగకముందే, జూలైలో, ఇన్‌స్టాగ్రాం తన రీల్స్‌ను మన దేశంలో ప్రవేశపెట్టింది. ఖాళీ అయిన ఆ అంగడిలో పేరు తెచ్చుకొన్న వారిలో నిహారిక ముందు వరుసలో నిలిచింది. ఈనాడు ఆమెను ఇన్‌స్టాగ్రాంలో అనుసరించేవారు ముప్పై లక్షలకు పైబడినవారు.

ఆమె చేసే హాస్యంలో కోటలు కూలే కథలేమీ ఉండవు. రోజువారీ చిరాకులు, చిన్న తగాదాలు, ముఖంలో దాచని విసుగు. మాట్లాడేది ఎక్కువగా ఇంగ్లీషే గాని, అది దక్షిణాది యాస నిండిన ఇంగ్లీషు. ఈ యాసకు ఒక చరిత్ర ఉన్నది. 1968 నాటి హిందీ చిత్రం 'పడోసన్'లో మెహమూద్ వేసిన సంగీత గురువు వేషం పెద్దలకు గుర్తుండే ఉంటుంది. దక్షిణాది మనిషి నోరు విప్పితే చాలు, ఉత్తరాది హాలంతా నవ్వేది. నిహారిక ఆ యాసను కడిగి వేసుకోలేదు. అయితే ఆమె దృశ్యంలో నవ్వు యాస మీద పుట్టదు, ఆ యాసలో మాట్లాడే మనిషి తెలివి మీద పుడుతుంది. హోసూరు పిల్లకు నేను విడమరచి చెప్పినది ఇదే.

ఆమె ఇంటి భాష ఏదో ఆరా తీసి మనవారి పట్టికలో చేర్చుకొనే ఉబలాటం నాకు లేదు. పేరొచ్చిన ప్రతివారికీ తెలుగు మూలం వెదికే జాడ్యం మన సభలకు ఉన్నది, అది తగ్గించుకోవాలి. నాకు ముఖ్యమైనది ఆమె నడిచిన దారి. 2022లో 'కె.జి.ఎఫ్.' రెండవ భాగం కోసం కన్నడ నటుడు యశ్‌తోనూ, 'మేజర్' కోసం మహేశ్‌బాబుతోనూ ప్రచార దృశ్యాలు చేసింది. 2025 మార్చిలో తమిళంలో 'పెరుసు', అదే ఏడు అక్టోబరులో తెలుగులో 'మిత్ర మండలి' చిత్రాలలో నటించింది. రెండవదానికి విమర్శకుల మెప్పు దక్కలేదు. నిమిషంపాటు నవ్వించడం వేరు, రెండు గంటల కథను మోయడం వేరు. అయినా చెన్నై, బెంగుళూరు, హైదరాబాదు ఆమెకు ఒకే పెరటిలోని మూడు వాకిళ్ళయ్యాయి. ఇంట్లో ఒకటి, బడిలో ఒకటి, బజారులో ఒకటిగా మూడు భాషలు మాట్లాడే మన పిల్లలకు ఆ వాకిళ్ళు కొత్తవి కావు.

ఇక నా వృత్తికి సంబంధించిన మాట. ఆ తండ్రి సంచిలోనుండి ఒక ఒప్పంద పత్రం తీశారు. ఒక వ్యాపార సంస్థ పంపినది. ఇంగ్లీషులో ఏడు పుటలు. పిల్ల సంతకం చేసి ఉన్నది. మైనరు చేసుకొన్న ఒప్పందం మన చట్టం ప్రకారం చెల్లదు. 1903లో ప్రీవీ కౌన్సిల్ మోహరీ బీబీ కేసులో తేల్చిన సంగతి అది. ఆ పత్రం చెల్లదు సరే, మరునాడు తండ్రి సంతకంతో మరొకటి రావచ్చును కదా! అందులో ఆ దృశ్యాలపై సర్వహక్కులూ శాశ్వతంగా సంస్థవేనన్న వాక్యం ఉన్నది. కాపీరైటు చట్టంలో, హక్కు ఎంతకాలానికి ఇచ్చారో రాయకపోతే అయిదేండ్లకే పరిమితమవుతుంది. శాశ్వతమని రాసి సంతకం చేస్తే ఆ రక్షణ పోతుంది. అవ్వ మాటతీరును తిరిగి వాడుకోవడానికి మనవరాలే ఆ సంస్థను అనుమతి అడగవలసి వస్తుంది.

ఉచితంగా వచ్చే వస్తువులకూ లెక్క ఉన్నది. 2022 జూలై 1 నుండి, ఏడాదికి ఇరవై వేల రూపాయలు దాటిన కానుకలపై 10 శాతం పన్ను కోత వచ్చింది. డబ్బు తీసుకొని ఏదైనా సరుకును మెచ్చుకొంటే ఆ సంగతి చూసేవారికి చెప్పి తీరాలి. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ విడుదల చేసిన సూచనల ప్రకారం, మెచ్చుకొన్నది ఏ భాషలోనో ఆ ప్రకటన కూడా ఆ భాషలోనే ఉండాలి. తెలుగులో నవ్వించి 'ఇది డబ్బు తీసుకొని చేసిన ప్రచారం' అన్న ముక్కను మాత్రం ఇంగ్లీషులో చాటుకు నెట్టకూడదన్నమాట. మన పిల్లలలో చాలామంది తెలుగు మాట్లాడగలరు, చదవలేరు. కనుక ఆ ముక్కను నోటితో కూడా చెప్పమన్నాను.

పత్రాన్ని సవరణలతో తిప్పి పంపాము. జవాబు ఇంకా రాలేదు. మొన్న ఆ పిల్ల కొత్త దృశ్యం పెట్టింది. ఈసారి అవ్వే వచ్చి కూర్చున్నది. "ఇదేం తెలుగు?" అని మనవరాలు చుట్టాల గొంతుతో అడుగుతుంది. అవ్వ తాంబూలం పక్కకు నెట్టి, "యాలమ్మా, నీకు అర్థం కాలేదా?" అంటుంది.