అడుగున ఒకే చర్మము



నంద్యాల బంగారు అంగళ్లలో పగడాల దండ మీరు చూసే ఉంటారు. జ్ఞానము ముందు పగడములు సాటిరావని యోబు గ్రంథము 28వ అధ్యాయములో చదువుతాము. ఆ పగడము సముద్రములో చిన్న జీవులు కట్టుకున్న గట్టి గూడు. మన జిల్లా బెలుం గుహల సున్నపురాయిలోను, ఆ గూటిలోను ఉన్న ముఖ్య పదార్థము ఒకటే, కాల్షియం కార్బొనేట్.

ఈ పగడపు జీవులకు జోవాంథిడ్ అనే దగ్గర చుట్టము ఉన్నది. విశాఖపట్నం తీరములో నీరు వెనక్కి తీసినప్పుడు, బండలమీద గుండీలు పరచినట్టు కనబడుతుంది. ఆళ్లగడ్డ శిల్పులు చెక్కే రాతికున్న గట్టిదనము దీనికి లేదు, పగడమువలె రాతి గూడూ లేదు. కొన్ని జాతులు ఇసుక రేణువులనే ఒంటిలో పొదుగుకొని నిలబడతాయి. పైన ఒక్కొక్క గుండీకి ఒక్కొక్క నోరు. అడుగున మాత్రము అన్నిటికీ ఒకే చర్మము. ఒక నోటికి దొరికిన ఆహారము ఆ చర్మములోని సన్నని దారులగుండా పక్కదానికీ చేరుతుంది.

ఉప్పునీటి అక్వేరియములలో వీటిని పెంచేవారు చిన్న ముక్కను కోసి రాతికి అంటిస్తారు. ఆ ముక్క మరల గుంపుగా పెరుగుతుంది. అయితే కొన్ని జాతులలో పాలిటాక్సిన్ అనే ఘోరమైన విషమున్నది. హవాయి శాస్త్రజ్ఞులు 1971లో దానిని వేరుచేసి లోకానికి తెలిపారు. ఇవి పట్టిన రాళ్లమీద వేడినీళ్లు పోసి, ఆ ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైన కుటుంబములున్నాయి. అందమైన గుంపులోనూ విషము దాగియుండవచ్చును. ఆదివారము చిరునవ్వుతో వందనము చెప్పుకొని, లోపల పగ దాచుకొనే మనము దీనిని గ్రహించాలి.

ఒక అవయవపు బాధ శరీరమంతటిదీ అని పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయములో బోధించాడు. ప్రియులారా, మన గుడి గోడలు రాతివే. మరి అడుగున చర్మము కలిసియున్నదా? వాన తప్పి పంట పోగొట్టుకున్న రైతు మీ వరుసలోనే కూర్చుంటున్నాడు. కొడుకు పనికోసము బెంగళూరు వెళ్లగా ఒంటరిగా మిగిలిన తల్లి మీ వీధిలోనే ఉన్నది. మీ నోటికి అందిన అన్నము వారి వరకు చేరిందా, మీ దగ్గరే ఆగిపోయిందా?

వచ్చే ఆదివారము వరకు ఆగవద్దు. ఈ సాయంకాలమే ఒక తలుపు తట్టండి. ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.