ఆఫీసులో చలి, వాకిట్లో ఎండ



కదిరిలో వేసవి ఎండలు ఎలా వుంటాయో నేను మీకు వేరే చెప్పాలా? పది గంటలకే వాకిట్లో బండలు కాలుతుంటాయి. మధ్యాహ్నానికి నలభై డిగ్రీలు దాటటం మామూలే. అటువంటి రోజుల్లో ఒక సాయంత్రం మా అమ్మాయి ఆఫీసు నుంచి శాలువా కప్పుకుని వచ్చింది. జ్వరమేమోనని నుదురు తాకి చూశాను. “జ్వరం కాదుమా, ఆఫీసులో చలి. ఏ.సి. గాలి నేరుగా నెత్తిన పడతాంది. టైపు చేసేదానికి వేళ్ళు కొంకర్లు పోతాండాయి” అంది.

ఆ నెలలో తలనొప్పి, జలుబు అంటూ మూడుసార్లు సెలవు పెట్టింది. “ఎందుకొచ్చిన వుద్యోగం, మానెయ్యమ్మా” అన్నారు వాళ్ళ నాన్నగారు. చదువుకున్న పిల్ల, మండువేసవిలో, చలికి భయపడి వుద్యోగం మానుకోవటమేమిటి చెప్పండి! నాకు మనసొప్పలేదు. విషయమేమిటో తెలుసుకుందామని నలుగురినీ అడిగాను, నాలుగు పుస్తకాలు తిరగేశాను. ఆ సంగతులే ఈ రోజు మీతో చెబుతాను.

మొదటి సంగతి: చలి వేస్తోందంటే అది సుకుమారం కాదు. వూరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి కూడా సుమారు నూరు వాట్ల బల్బుకున్నంత వేడి బయటికి పోతూ వుంటుంది. ఇది అందరికీ ఒక్కలాగా వుండదు. సాధారణంగా మగవాళ్ళ కంటే ఆడవాళ్ళ ఒంట్లో పుట్టే వేడి తక్కువ. హాలెండు దేశపు పరిశోధకులిద్దరు 2015లో ఒక చక్కని విషయం బయటపెట్టారు. ఆఫీసులు ఎంత చల్లగా వుండాలో చెప్పే లెక్కలు 1960ల నాటివట. ఆ లెక్కలకు నమూనాగా తీసుకున్నది నలభై ఏళ్ళ వయసు, డెబ్భై కిలోల బరువు వున్న మగమనిషిని! అమెరికాలో వుద్యోగాలు చేసే మన ఆడపిల్లలు నడివేసవిలో స్వెట్టరు వేసుకుని ఆఫీసులో కూర్చుంటారంటే ఇక ఆశ్చర్యమేముంది?

రెండో సంగతి: మిషను కంటే ముందు నీడ. మనకు పాతిక కిలోమీటర్ల దూరంలో వున్న తిమ్మమ్మ మర్రిమానును చూడనివారు మీలో వుండరు. సుమారు అయిదెకరాల మేర పరుచుకుని, 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కిన చెట్టది. ఎంత ఎండలో వెళ్ళినా దాని కింద ప్రాణం లేచివస్తుంది. ఎండను అడ్డుకోవటమే అందులోని కిటుకు. మన కాంక్రీటు మిద్దెలు పగలంతా ఎండను తాగి, సాయంత్రం ఆ వేడిని గదిలోకి వదులుతాయి. మిద్దెకు తెల్లసున్నం వేయించి, పడమటి కిటికీకి తెరో తడికో కట్టిస్తే మిషనుకు కొంత శ్రమ తప్పుతుంది. పూర్వం కచేరీలలో వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లించేవాళ్ళు. కడవలో నీళ్ళు చల్లబడే సూత్రమే అదీను. ఈనాటి కూలరు పనిచేసేదీ అలాగే. మన సీమ గాలి పొడిగాలి కాబట్టి ఇక్కడ కూలరు బాగా పనిచేస్తుంది. అయితే కిటికీ తెరచి వుంచాలి. తలుపులన్నీ బిగిస్తే ఒళ్ళు జిడ్డు జిడ్డుగా అవుతుంది. వానలు పడి గాలిలో తేమ చేరాక దానివల్ల లాభం తక్కువ.

మూడో సంగతి ఏ.సి. గురించి. పద్దెనిమిదిలో పెడితే గది చప్పున చల్లబడుతుందని చాలామంది నమ్మకం. మామూలు మిషను ఎందులో పెట్టినా ఒకే జోరుతో చల్లబరుస్తుంది. పద్దెనిమిదిలో పెడితే ఆగకుండా తిరుగుతుందంతే. తెర్లుతున్న ఎసరు కింద మంట పెంచితే అన్నం తొందరగా వుడుకుతుందా? గ్యాసు దండుగ! డిగ్రీ పెంచినకొద్దీ సుమారు నూటికి ఆరు వంతుల కరెంటు మిగులుతుందని ప్రభుత్వ విద్యుత్ పొదుపు సంస్థ చెబుతోంది. 2020 జనవరి 1 నుంచి మన దేశంలో స్టార్ గుర్తు మిషన్లు వేయగానే ఇరవైనాలుగు డిగ్రీలలో మొదలయ్యేట్లు నిబంధన పెట్టారు కూడా. ఇరవైయారులో వుంచి, పైన ఫ్యాను నెమ్మదిగా తిప్పితే ఒంటికి రెండు డిగ్రీలు తక్కువగానే తోస్తుంది. లోపలి జల్లెడను పదిహేను రోజులకొకసారి కడగాలి. మామూలు ఏ.సి. గదిలోని గాలినే తిప్పి తిప్పి ఇస్తుంది కనుక పొద్దున్నే కాసేపు కిటికీలు తెరవాలి.

ఇవన్నీ మా అమ్మాయికి చెప్పి, “వుద్యోగం మానే ముందు ఒకసారి నోరు విప్పి చూడు” అన్నాను. భయపడుతూనే వెళ్ళి పై ఆఫీసరుగారితో చెప్పింది. ఆయన గది వేరు, ఈ చలి ఆయనకు తెలియనే తెలియదట! తీరా అందరినీ కనుక్కుంటే పడమటి కిటికీ పక్కన కూర్చునే గుమాస్తాగారికి చెమటలట. ఆయన కోసమని పద్దెనిమిదిలో పెడితే, ఏ.సి. కింద వున్న ఈ పిల్ల వణికిపోతోంది. ఒకే గది, ఒకరికి ఎండాకాలం, ఒకరికి చలికాలం! కిటికీకి మందపు తెర కట్టారు, జల్లెడ కడిగించారు, మిషను రెక్కలు పైకి తిప్పి గాలి నేరుగా ఎవరిమీదా పడకుండా చేశారు. గుమాస్తాగారూ, మా అమ్మాయీ కుర్చీలు మార్చుకున్నారు. గోడకు ఒక థర్మామీటరు తగిలించారు. ఇప్పుడు ఇరవైఆరుకు అటూ ఇటూగా నిలకడగా వుంటోంది. శాలువా ఇంకా సంచిలోనే వుంది గానీ, తియ్యవలసిన అవసరం అరుదుగా వస్తోంది.

మీ ఇంటి నుంచి కూడా భర్తో, కూతురో, కోడలో ఆఫీసుకు వెళ్తూ వుండవచ్చు. సాయంత్రం రాగానే కాఫీ ఇస్తూ, అక్కడ ఎండా చలీ ఎలా వున్నాయో ఒక్కమాట అడగండి. కోడళ్ళు తమంతట తాము చెప్పరు, మనమే అడగాలి.

సెలవు.