గడియారమునకు కొయ్య పెట్టె



కీ ఇచ్చి త్రిప్పెడు లోలకపు గడియారములు మన పల్లెలలోని పాత ఇండ్ల గోడలపై నేటికిని అక్కడక్కడ కలవు. నేను చూచిన వానిలో కొన్నింటికి యంత్రము చెడలేదు, పెట్టె చెదలపాలైనది. ఇత్తడి, ఉక్కు చక్రములను మనము ఇంట చేసికొనలేము. పెట్టెనైతే ఒక రంపము, ఒక చిత్రిక, రెండు ఉలులు, ఒక మూలమట్టము ఉన్నవారెవరైనను వసారాలో కూర్చుండి చేసికొనవచ్చును.

మొదట నా తప్పు చెప్పుకొందును. మా తాతగారి గడియారమునకు నేను నడివేసవిలో పెట్టె చేసితిని. వెనుక బల్ల 12 అంగుళముల వెడల్పు గల ఒకే చెక్క. దానికి నాలుగు వైపుల జిగురు పెట్టి, మేకులు కొట్టి, ఇక కదలదని సంతోషించితిని. శ్రావణమాసపు ముసురులో ఆ బల్ల ఉబ్బి ప్రక్క చెక్కల కీళ్లను విడదీసినది, తలుపు బిగుసుకొన్నది, యంత్రము ఒరిగి గడియారము నిలిచిపోయినది. దోషము యంత్రములో నున్నదని తలచి, దానిని విప్పించి శుభ్రపరపించుటకు డబ్బు కూడ వ్యయపరచితిని!

కొయ్య ఎంత ఎండినను గాలిలోని తేమను పీల్చుచు, విడుచుచు నుండును. నార వెంబడి, అనగా పొడవున, దాని పెరుగుదల లెక్కకు రాదు. అడ్డముగా మాత్రము పెరుగును. టేకు వంటి నెమ్మదియైన కర్రయే 12 అంగుళముల వెడల్పులో వేసవికిని వానలకును సుమారు అంగుళములో 8వ వంతు భేదము చూపగలదు. దానిని ఆపగల మేకు లేదు, చోటిచ్చుటయే ఉపాయము. కుసి, బెజ్జములతో చుట్టును గట్టి చట్రము కూర్చి, దాని లోపలి అంచున గాడి తీసి, పలుచని బల్లను ఆ గాడిలో వదులుగా నిలుపవలెను. గాడిలో జిగురు వేయరాదు. మీ ఇంటి పాత తలుపు రెక్కను పరికించి చూడుడు. మన వడ్రంగులు పలకలను ఇట్లే అమర్చియుందురు. ఇంటి తలుపును ఏండ్ల తరబడి తెరచి మూసిన నాకు ఇది తోచకపోవుట వింతయే.

పాత పెంకుటిల్లు విప్పినప్పుడు దొరకు టేకు దూలములు, తలుపు చెక్కలు ఈ పనికి మేలైనవి. చేవ గల భాగమునే తీసికొనుడు; అంచున నుండు తెల్లని కర్రను చెద త్వరగా పట్టును. లోపల విరిగియున్న మేకులను వెదకి తీసిన పిదపనే చిత్రిక పట్టవలెను. టేకులో సహజముగా నూనె కలదు గనుక, అప్పుడే చిత్రిక పట్టిన క్రొత్త ముఖమునకే జిగురు చక్కగా అంటును. కొండపల్లి బొమ్మలు చేయు పొనికి కర్ర తేలికయే గాని, యంత్రపు బరువును మోయు మరలు అందు నిలువవు.

కొలతలు యంత్రమునుబట్టి రావలెను. అర సెకండున కొక ఊపు ఊగు లోలకపు పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. సెకండున కొక ఊపైనచో సుమారు 99 సెంటీమీటర్లు. ఈ పొడవును మనము తగ్గించుకొనరాదు. లోలకము ఊగి చేరు దూరమును కొలిచి, ఇరువైపుల మరియొక అంగుళము, క్రింద రెండంగుళములు విడువుడు. యంత్రమును వెనుక పలకకు బిగింపక, చట్రపు రెండు నిలువు కర్రలకు అడ్డముగా ముప్పాతిక అంగుళపు పట్టె వేసి, దానికి బిగింపవలెను. పట్టె నార దాని పొడవు వెంబడి నుండుటచే అది ఋతువులతో మారదు.

కొయ్యపని ఎరిగిన చేతికి గడియారము పరాయి వస్తువు కాదు. ఇంగ్లండులో వడ్రంగి కుమారుడగు జాన్ హారిసన్ 1713లో చేసిన గడియారమున చక్రములు సైతము కొయ్యవే. సముద్రముపై ఓడ యొక్క రేఖాంశము తెలిసికొనుటకు పనికివచ్చు గడియారమును పిమ్మట నిర్మించినది ఆయనయే.

ఇక తగిలించుట. పెట్టె వెనుక నాలుగు మూలల కొయ్య బిళ్లలు అంటించినచో గోడ చెమ్మ తగులదు, చెద ఎక్కినను కనబడును. లోలకమును ఊపి చెవి యొగ్గి వినుడు. రెండు చప్పుళ్ల నడుమ ఎడము సమముగా లేక కుంటుచున్నచో, గడియారము కొంతసేపటికి నిలిచిపోవును. పెట్టె అడుగును కుడికో ఎడమకో ఇసుమంత జరిపి, చప్పుడు సమమైన చోట గోడపై పెన్సిలుతో గీత గీయుడు.

ఈ విధముగా నేను చేసిన రెండవ పెట్టెలో మా తాతగారి గడియారము నడచుచున్నది. వానలలో దాని తలుపు ఇప్పటికిని కొంచెము బిగియును. అప్పుడు చిత్రిక పట్టినచో వేసవిలో సందు పడును గనుక, కార్తికము వరకు దానిని ముట్టను.