పావులూరి మల్లన చదరంగపు లెక్క



పత్తియు మిరపయు పండు ఈ నల్లరేగడి నేలలో, ఇంకొల్లు చెంత పావులూరను గ్రామము గలదు. మొదట అది గుంటూరు జిల్లాలోనిది. 1970లో క్రొత్తగా నేర్పడిన ఒంగోలు జిల్లాలో, అనగా నేటి ప్రకాశం జిల్లాలో చేరెను. 2022 నుండి బాపట్ల జిల్లాలో నున్నది. ఆ యూరిపేరు ఇంటిపేరుగా గల మల్లన, తొమ్మిదవ శతాబ్దమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును తెనుగు పద్యములలోనికి దెచ్చెను. చదరంగపు లెక్క చెప్పిన పద్యము మల్లనదే. జిల్లాలు మారినవి గాని అందలి అంకెలు మారలేదు.

మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు. ఇట్లు రెట్టించుచు బోయినచో అరువదినాలుగు గళ్లకు మొత్తమెంత? 18446744073709551615. ఇరువది అంకెల సంఖ్య. పదకొండవ శతాబ్దారంభమునకే అల్‌బీరూనీయు దీనిని గణించి యుండెను.

మన పత్తిగింజలతోనే చూతము. గ్రామునకు పది గింజలు తూగుననుకొన్నచో, సగము పలక, అనగా ముప్పదిరెండు గళ్లు, నిండుటకు 4294967295 గింజలు, సుమారు 429 టన్నులు చాలును. పదిటన్నుల లారీలు నలుబదిమూడు! ఇది మన రైతులకు వింత గాదు. తక్కిన సగమును నింపబూనినచో లారీలు పదునెనిమిదివేల కోట్లు మించవలెను. క్షణమున కొక గింజ చొప్పున లెక్కించువానికి 58 వేల కోట్ల యేండ్లు పట్టును.

ఇంత సంఖ్యకు కూడికలు పెక్కు అక్కరలేదు. ఏ గడియైనను తనకు ముందున్న గళ్ల మొత్తముకంటె ఒకటి మాత్రమే ఎక్కువ. కావున అరువదియైదవ గడి యున్నదనుకొని, అందలి గింజలనుండి ఒకటి తీసివేయవలెను. ఆ గడి విలువకు రెండును ఆరుమారులు వర్గించిన చాలును: 4, 16, 256, 65536, 4294967296, ఆపై ఇరువది అంకెల సంఖ్య.

మల్లన ఈ యంకెలను మాటలలో నిమిడ్చెను. బాణములన నైదు, వేదములన నాలుగు, ఆకాశమన సున్న. చదువవలసినది కుడినుండి యెడమకు. తాటాకుపై నొక యక్షరము జారినచో ఛందస్సు చెడి లేఖకుని తప్పు బయటపడును. అయినను ఛందస్సు అన్నిట కాపాడదు. ఏడని తెలుపు నగశబ్దమున్నచోట ఎనిమిదని తెలుపు గజశబ్దము పడినచో నడక చెడదు, లెక్క చెడును. అట్టిచోట సంఖ్య గుణములే దిక్కు. అంకెలన్నియు గూడిన 87, మూటితో భాగింపబడును. ఏడు ఎనిమిదైనచో 88 యగును, భాగింపబడదు. ప్రక్కప్రక్క నున్న భిన్నాంకెలు రెండు తారుమారైనచో ఈ పరీక్షకు దొరకవు గాని, 17తో భాగించి చూచినచో శేషము మిగిలి తప్పు తెలిసిపోవును.

ఇంకొక గుణము. సగము పలక మొత్తమైన 4294967295ను 4294967297తో గుణించినచో మల్లన సంఖ్యయే వచ్చును. ఆ రెండవది ప్రధానసంఖ్య యని పదునేడవ శతాబ్దమున ఫ్రెంచి పండితుడు ఫెర్మా తలచెను. 1732లో ఆయిలరు దానిని 641తో నిశ్శేషముగ భాగించి చూపెను. ఆ 641 పావులూరి లెక్కను సైతము నిశ్శేషముగ భాగించును.